మూడో పొద్దున

రోజూ తీస్తే ఏ గొడవా లేదు.
రెండు రాత్రులు నిలబెట్టినా సర్దుకుంటుంది.
మూడో పొద్దున తాళం తిప్పితే మాత్రం
టిక్ అని ఒక్క మాట,
ఎండిన గొంతులో గుటక పడ్డట్టు.

రామంతాపూర్‌లో మా సెల్లార్.
లిఫ్టు పక్క స్తంభం దగ్గర నా పాత సాంట్రో.
వాచ్‌మన్ ఎల్లేశు నిమ్మకాయ కట్టాడు.
పై ఫ్లాట్ ధర్మయ్యగారు "ఆడవాళ్ల డ్రైవింగు..." అని మొదలుపెట్టి
నా మొహం చూసి ఎండల మీదికి మళ్లారు.
రాణిగంజ్‌లో ఒక బ్యాటరీ కొన్నాను.
ఆరు వారాలకి ఇంకొకటి.
రెండోసారి కొట్టువాడు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

నేను లెక్కల టీచర్ని.
నీళ్ల తొట్టి, అడుగున చిల్లు, ఎన్ని గంటలకి ఖాళీ
అని ఇరవయ్యేళ్లుగా పిల్లల్ని వేధించినదాన్ని.
చిల్లు ఎక్కడుందని ఏ పిల్లా అడగలేదు,
నేనూ చెప్పలేదు.

అజ్మత్ ఉప్పల్ నుంచి స్కూటీ మీద వచ్చాడు,
డబ్బా నిండా వైర్లు, చెవి వెనక టెస్టర్.
"ఇంకోటి కొనకుండ్రి మేడం, బ్యాటరీ మంచిగనే ఉంది.
రాత్రంత ఎవడో తాగుతున్నడు. వాన్ని పట్టాలె."

తలుపు తెరిచే ఉంచి
గొళ్లెంలో స్క్రూడ్రైవర్ దూర్చి
మూసుకున్నట్టు బండిని నమ్మించాడు.
మైనస్ తీగ విప్పి, మధ్యలో మీటరు పెట్టి
"ఇగ ముట్టకుండ్రి. అది పండాలె" అన్నాడు.
అరగంట మెట్ల మీద కూర్చున్నాం,
చావింటికి వచ్చినవాళ్లలా గొంతులు తగ్గించి.
ఎల్లేశు చాయ్ తెచ్చి
చక్కెర సరిపోయిందా అని
వాడూ గుసగుసగానే అడిగాడు.

సున్నా పాయింట్ నలభై నాలుగు.
అక్కడే ఆగిపోయింది.
అతను నోరు తెరిచేలోగా మనసులో గుణించేశాను.
డెబ్బై రెండు గంటలకి ముప్పై ఒకటి దాటుతుంది,
బ్యాటరీ మొత్తం ముప్పై ఐదు.
మూడో పొద్దున!
నిజం చెప్పాలంటే సంతోషం వేసింది,
జవాబు పుస్తకం చివరి పేజీతో కలిసినప్పటి సంతోషం.

స్టీరింగ్ కింద తల దూర్చి ఫ్యూజులు పీకాడు.
ఎర్రది, పది. ఏం లేదు.
నీలంది, పదిహేను. ఏం లేదు.
పసుపుది. ఇంకో ఎర్రది.
నేను మీటరు ముందు గొంతుక్కూర్చుని
"నలభై నాలుగు... నలభై నాలుగు..."
హాజరు పిలిచినట్టు పిలుస్తున్నాను.
"రెండు!"
"ఏంది?"
"సున్నా పాయింట్ సున్నా రెండు!"

లోపలి దీపాల ఫ్యూజు.
లోపల ఏ దీపమూ వెలగడం లేదు.

ఫ్యూజు మళ్లీ పెట్టి, నా ఫోన్ తీసుకుని
వీడియో ఆన్ చేసి డిక్కీలో పడుకోబెట్టి
మూత వేశాడు.
నిమిషం ఆగి తీసి చూశాం.
మూత పడిన చప్పుడు.
వెలుతురు పోలేదు.

ఎవరో వెనక గుద్దితే మార్చిన మూతట,
బొత్తాం దాకా అందడం లేదట.
అమ్మిన నాచారం మనిషి ఈ ముక్క చెప్పలేదు.
నాలుగు నెలలుగా ఒక బుల్లి బల్బు
స్టెప్నీకీ జాకీకీ చిరిగిన గొడుగుకీ
రాత్రింబవళ్లు కాపలా కాస్తోంది.

"మళ్లీ వెయ్యి" అన్నాను.
స్టెప్నీ అంచు కింద తెల్ల కాగితం మూల.
నీలం సిరా. ఒక ఎనిమిది.
ఎనిమిదిని అలా
సున్నా మీద సున్నా పెట్టి ఎవరు రాస్తారు,
లాస్య తప్ప.

ఆగస్టులో ఆ పిల్లని అందరి ముందూ నిలబెట్టి
"ఇవ్వని పేపరు నేనెక్కణ్ణించి తేను?" అన్నాను.
ఇచ్చాను మేడం, అంది రెండుసార్లు.
మూడోసారి అనలేదు.
తర్వాతి వారం నుంచి ట్యూషన్‌కి రాలేదు.

అజ్మత్ చొక్కా అంచుతో బల్బు పీకి
కాస్త ఊది, నా చేతిలో పెట్టాడు.
అప్పుడే పెట్టిన గుడ్డులా వెచ్చగా ఉంది.
మూడొందలు తీసుకుని
"పేపర్ ముఖ్యమైందా మేడం?" అన్నాడు.
తల ఊపాను.

రెండు రాత్రులు బండి కదపలేదు.
మూడో పొద్దున తిప్పాను. లేచింది.

హబ్సిగూడ, ఎనిమిదో నంబరు వీధి.
పేపరు దిద్దాను, యాభైకి నలభై ఆరు.
బెల్లు నొక్కి నిలబడ్డాను.
ఇంజను మాత్రం ఆపలేదు.